దీవెన పేరున ప్రార్థన

షీబా టీచరు రాకముందు ఆ హైస్కూల్లో పేరెంట్స్ మీటింగు అంటే చిన్నపాటి తిరునాళ్లే. హెడ్మాస్టరు చంద్రశేఖరంగారు తల్లిదండ్రులందర్నీ వరండాలో బల్లల మీద కూర్చోబెట్టి, పిల్లల మార్కులు పేరుపేరునా పైకి చదివేవారు. తక్కువొచ్చినవాడి తండ్రి అక్కడికక్కడే లేచి కొడుకు వీపు మీద నాలుగు తగిలించేవాడు. మిగతావాళ్లు నవ్వేవారు. మీటింగు దివ్యంగా జరిగిందని ఫొటోలు పై ఆఫీసుకి వెళ్లిపోయేవి. హెడ్మాస్టరుగారు చెడ్డ మనిషి కాదు. సంగీతం తెలిసిన కుటుంబం, గొంతు పెంచి ఎవర్నీ ఒక మాట అని ఎరగరు. కాకపోతే నలుగురిలో అంటేనే సిగ్గొస్తుందని, సిగ్గొస్తేనే చదువొస్తుందని ఆయన గట్టి నమ్మకం.

ఈ పద్ధతి చూస్తే షీబాకి ఒళ్లు మండిపోయేది. తొమ్మిదో తరగతికి క్లాస్ టీచరు కాగానే ఆయన వెంటపడి, బతిమాలి, విసిగించి, సైన్సు ల్యాబ్ గది సంపాదించింది. తలుపు వేసి, ఒక్కొక్క ఇంటివాళ్లతో విడిగా మాట్లాడేది. బల్లకి అటొకరు ఇటొకరు కూర్చుంటే పోలీస్ స్టేషన్‌లా ఉంటుందని కుర్చీలన్నీ ఒకే వైపు వేసేది. ముందు పిల్ల గురించి తను కళ్లారా చూసిన మంచి ఒకటి చెప్పేది. ఆ తరవాతే కష్టం, అదీ ఒక్కటే. వెళ్లేటప్పుడు ఇంటి దగ్గర చెయ్యమని ఒకే ఒక్క పని అప్పగించేది, పది చెబితే ఒకటీ చెయ్యరని. చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడే తండ్రులు కూర్చుని మాట్లాడడం మొదలుపెట్టారు. స్టాఫ్ రూములో దీనికి 'షీబా క్లినిక్' అని పేరు పెట్టి నవ్వుకున్నారు గానీ, రెండేళ్లలో వాళ్లూ కుర్చీలు ఒకే వైపుకి జరుపుకున్నారు. షీబాకి కాస్త గర్వం కూడా పట్టుకుంది. ఎందుకు పట్టుకోదు?

ఆమె క్లాసులో దీవెన అని ఒక పిల్ల ఉంది. తల్లి జ్ఞానసుందరి ఇంట్లో మిషను మీద బట్టలు కుడుతుంది. తండ్రి శాంతికుమార్ భోగాపురం ఎయిర్‌పోర్టు పనుల్లో టిప్పరు తోలుతాడు. షీబాది, వాళ్లది ఒకే సంఘం, మిషనరీ దొరల కాలంనాటి బాప్టిస్టు గుడి. దీవెన గొంతెత్తి పాడితే ముసలమ్మలు కళ్లు తుడుచుకుంటారు. పిల్లల ఆదివారం వచ్చిందంటే బైబిలు వాక్యం చదివేది కూడా ఆ పిల్లే. పుస్తకం తెరిచి పట్టుకుని, వరస మీద వేలు నడిపిస్తూ, ఒక్క తడబాటు లేకుండా చదివేది.

అలాంటి పిల్ల క్లాసులో కొత్త పాఠం చదవమంటే కడుపునొప్పి అంది. మర్నాడు తలనొప్పి అంది. బడి విడిచాక షీబా ఆ పిల్లని ఆపి, బోర్డు మీద అప్పటికప్పుడు ఒక వాక్యం రాసి చదవమంది. దీవెన అక్షరాలు విడివిడిగా పలికింది, కలపలేకపోయింది. ఒత్తు కనిపించిన ప్రతిచోటా ఆగిపోయింది. గుడిలో చదివేదంతా ఫోన్లో పదిసార్లు విని కంఠతా పట్టినదేనని, వేలు ఊరికే నడుస్తుందని అప్పుడు బయటపడింది. పరీక్షలు కూడా అలాగే, విన్నది విన్నట్టు బట్టీ పట్టి, ప్రశ్నలో ఒకటి రెండు మాటలు ఆనవాలు పట్టి గట్టెక్కేసేది. ఇన్నేళ్లలో ఒక్క టీచరుకీ అనుమానం రాలేదంటే ఆ పిల్ల తెలివికి దండం పెట్టాలా, టీచర్లకి పెట్టాలా?

"అమ్మకి సెప్పకండి టీచర్," అంది దీవెన. "ముందు నేర్సుకుంటాను. అప్పుడు మీరే సెప్పండి."

"చూద్దాంలే," అంది షీబా. టీచర్ల నోట్లో 'చూద్దాం' అంటే ఏమీ కాదు. పిల్లలు దాన్ని ఒట్టు కింద తీసుకుంటారు.

ఆ వేళ నుంచి రోజూ బడి విడిచాక ఇద్దరూ ఖాళీ క్లాసులో కూర్చునేవారు. దీవెనకి పట్టుదల ఉంది. ఒక్కొక్క మాటే కూడబలుక్కుని, కలిపి, అర్థం తెలియగానే నవ్వేది. షీబాకి ఆ నవ్వు చూస్తే కడుపు నిండిపోయేది. అంతలో పేరెంట్స్ మీటింగు వచ్చింది.

షీబా చాలా ఆలోచించింది. కన్నతల్లి దగ్గర దాచడం తప్పనిపించింది. ఇంటి దగ్గర కూడా రోజూ కాసేపు చదివిస్తే నాలుగు నెలల పని రెండు నెలల్లో అయిపోతుందనీ అనిపించింది. దీవెనని బయట కూర్చోమని, తలుపు వేసి, తన పద్ధతిలోనే చెప్పింది. పిల్ల జ్ఞాపకశక్తి గురించి మెచ్చుకుంది. ఆ తరవాత ఉన్న సంగతి చెప్పింది. జ్ఞానసుందరి ఏడవలేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంది.

"మా దీవెనాండి?" అంది చివరికి. "గుడిలో సదివే మా దీవెనా?"

"తొందరగానే వచ్చేస్తుంది. రాత్రిపూట ఓ అరగంట పక్కన కూర్చుని చదివించండి చాలు. ఇది మాత్రం మన మధ్యే ఉండాలి. పిల్ల సిగ్గుపడుతుంది."

"అయ్యో, అది నాకు తెల్దా టీచరుగారూ. ఎవుల్తో సెప్తాను?"

ఆవిడ అబద్ధమాడలేదు. నిజానికి ఎవరితోనూ చెప్పలేదు కూడా. ఆ గుడిలో పుట్టి పెరిగి కూడా షీబా మరిచిపోయిన సంగతి ఒకటుంది. వాళ్ల సంఘంలో ఒకరి కష్టం ఇంకొకరి దగ్గర ముచ్చటగా చెబితే అది చాడీ. అదే ప్రార్థన అంశంగా పెడితే దేవుడితో చెప్పుకోవడం. ఎవరికి మూలశంక, ఎవరి మొగుడు తాగొచ్చాడు, ఎవరి కోడలు పుట్టింట్లో కూర్చుంది, అన్నీ అలాగే పేర్లతో సహా ప్రార్థన కూడికలోకి వస్తాయి. పేరు చెప్పని ప్రార్థన అడ్రసు రాయని కవరులాంటిదని పాస్టరు ఎజ్రా అయ్యగారు తరచూ అంటూంటారు. దేవుడికి అడ్రసులు తెలియవా అని ఇంతవరకు ఆయన్ని అడిగినవాళ్లు లేరు.

శుక్రవారం స్త్రీల కూడిక, దాన్ని నడిపే అనిత ఇంట్లో. చాపల మీద ముసుగులు వేసుకుని ఆడవాళ్లు, వాళ్లలో షీబా, మధ్యలో గంజిర పట్టుకుని పాట ఎత్తుకున్న దీవెన. పాట అయ్యాక అంశాలు చెప్పమన్నారు. ఒకావిడ మోకాళ్ల నొప్పులు చెప్పింది. తరవాత జ్ఞానసుందరి లేచి నిలబడింది.

"మా అమ్మాయి కోసం ప్రార్థన సెయ్యండమ్మా," అంది, అప్పుడు ఏడుపొచ్చింది ఆవిడకి. "మా దీవెనకి సదవడం రాదు. తొమ్మిదో తరగతికొచ్చినాది గానీ అచ్చరాలు కలపనేదు. గుడిలో సదివేదంతా ఇని సెప్పడమేనంట. దేవుడు దాని కళ్లు తెరవాలని ప్రార్థన సెయ్యండి."

ఆడవాళ్లంతా ఒక్కసారి 'ప్రభువా' అని నిట్టూర్చారు. నిజంగా జాలితోనే. షీబాకి ఆ చాపలో దిగబడిపోతే బాగుండుననిపించింది. గుమ్మం దగ్గరే ఉంది, లేచి వెళ్లిపోవచ్చు. వెళ్తే ఏమని వెళ్లాలి? అంతలో అనిత ఆమె వైపు తిరిగింది.

"షీబమ్మా, నువ్వు దాని టీచరువి. నువ్వే సెయ్యమ్మా ప్రార్థన."

చేసింది. చెయ్యక ఏం చేస్తుంది? ముసుగు కళ్ల మీదికి లాక్కుని, దీవెన అనే ఈ చిన్నబిడ్డని నీ చేతికి అప్పగిస్తున్నామని మొదలుపెట్టి ఏదో అంది. ఏమందో ఆమెకి గుర్తు లేదు. ఆమేన్ అని కళ్లు తెరిచేసరికి ఎదురుగా దీవెన. ఆ పిల్ల కళ్లు మూసుకోనేలేదు. ప్రార్థన జరిగినంతసేపూ షీబానే చూస్తూ కూర్చుంది.

ఆదివారానికి అంశం గుడికెక్కింది. అయ్యగారు దీవెనని ముందుకి పిలిచి, తల మీద చెయ్యి పెట్టి, సంఘమంతటి చేత ప్రార్థన చేయించారు. సోమవారానికి బడికి చేరింది. కూడిక జరిగిన వీధి పిల్లలు ఆ పిల్ల కనిపించగానే నెత్తి మీద చెయ్యి పెట్టుకుని గొణగడం మొదలుపెట్టారు. షీబా ఇద్దర్ని పట్టుకుని చీవాట్లు పెట్టింది. దాంతో ఆమె లేనప్పుడు గొణిగారు.

దీవెన సాయంత్రాలు ఆగడం మానేసింది. గంట కొట్టగానే సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయేది. పిలిస్తే, "అమ్మ రమ్మంది టీచర్," అనేది, నేల చూస్తూ. షీబా ఒకరోజు ఆ ఇంటికే వెళ్లింది. జ్ఞానసుందరి మిషను ఆపి, నీళ్లిచ్చి, "శుక్రవారం శుక్రవారం ఉపాసం ఉంతన్నాను టీచరుగారూ. దేవుడు తప్పక ఆలకిస్తాడు," అంది. ఆవిడ బుగ్గలు పీక్కుపోయి ఉన్నాయి. బిడ్డ కోసం కడుపు మాడ్చుకుంటున్న మనిషి మీద ఎలా విరుచుకుపడతాం? షీబా నీళ్లు తాగి వచ్చేసింది.

ఆ రాత్రి ఆమె తన మీద తను కోప్పడి ఒక నిర్ణయానికొచ్చింది. తప్పు జరిగింది దీవెనని బయట కూర్చోబెట్టినప్పుడే. ఇకమీదట పిల్ల లేకుండా పిల్ల మాట ఎత్తకూడదు. పిల్లతో మాట్లాడి తల్లి దగ్గర దాచకూడదు. ముగ్గురూ ఉంటేనే మాట. క్లాసు పిల్లలందరి ఇళ్లకీ ఆ కబురు పంపింది. మంచి నియమమే. ఇప్పటికీ ఎవరూ దాన్ని తప్పు అనలేరు.

తరవాతి మీటింగు కోతల పండగకి ముందు వచ్చింది. ఏటా కొత్త ధాన్యం వేళ సంఘంవాళ్లు తమకి పండింది, కాసింది గుడికి తెచ్చి కానుక పెట్టి వేలం వేసే పండగ అది. ల్యాబ్ గదిలో మూడు కుర్చీలు వేసి ఉన్నాయి. దీవెన మధ్యలో కూర్చుంది. జ్ఞానసుందరి మొహం వెలిగిపోతోంది.

"ఆలకించాడు టీచరుగారూ," అంది కూర్చుంటూనే. "నిన్న ఇంట్లో బైబిల్లో పెద్ద కీర్తన తీసి గడగడా సదివేసినాది. ఒక్క తప్పు నేదు. వాళ్ల నాన్న ఇని డ్యూటీకెళ్లడం మరిసిపోనాడు. కోతల పండగ నాడు గుడిలో సదువుతాది. మీరు లేసి రెండు మాటలు సాచ్చం సెప్పాల. టీచరు సెప్తే అది వేరు."

బల్ల మీద తెలుగు పుస్తకం ఉంది. ఎవరూ చదవని పాఠం తీసి 'ఈ పేరా చదవమ్మా' అంటే నిమిషంలో తేలిపోతుంది. షీబా చెయ్యి పుస్తకం మీదికి వెళ్లింది కూడా. దీవెన ఆ చెయ్యి చూసి, తరవాత షీబా మొహంలోకి చూసింది. ఇన్ని వారాల్లో ఆ పిల్ల కళ్లెత్తి చూడడం అదే మొదటిసారి. షీబా చెయ్యి వెనక్కి తీసుకుంది.

"దీవెనతో ఒక్క ఐదు నిమిషాలు విడిగా మాట్లాడతాను."

"ఇడిగా ఏటండి?" జ్ఞానసుందరి నవ్వింది. "పిల్ల నేకండా పిల్ల మాట, తల్లి నేకండా పిల్లతో మాట వద్దని మీరే కదా కబురెట్టినారు. ముగ్గురం ఉన్నాం. సెప్పండి."

తన చేత్తో వేసిన గొళ్లెం తీసే దారి షీబాకే తెలియలేదు. "దీవెనా, నువ్వే చెప్పమ్మా," అంది. "చదవగలవా?"

"సదువుతాను టీచర్."

"సూసినారా," అంది తల్లి. "మీరు సాయంత్రాలు కట్టపడినారు, మర్సిపోను. ఇంక ఆ పని నేదు. బడి అవగానే ఇంటికొచ్చి మిషను నేర్సుకుంటాది."

ఇదే షీబాకి నిద్ర లేకుండా చేసింది. చదువు వచ్చేసిందని సంఘమంతా ఆమేన్ అన్నాక ఆ పిల్లకి చదవడం నేర్పేవాళ్లు ఎవరూ ఉండరు. నేర్పాలంటే ముందు రాదని ఒప్పుకోవాలి, రాదంటే దేవుడు చేసినదాన్ని కాదన్నట్టు. పదో తరగతి వస్తోంది. ఎన్నాళ్లు విని అప్పజెబుతుంది? ఉన్నది చెబుదామంటే మళ్లీ నలుగురిలో ఆ పిల్ల పరువు తీసేది తనే అవుతుంది.

మర్నాడు సైకిల్ స్టాండు దగ్గర దీవెనని ఆపింది.

"ఒక్కసారి అడిగాను మిమ్మల్ని, వద్దని. సెప్పేసినారు," అంది దీవెన. గొంతులో కోపం లేదు, అదే భరించలేకపోయింది షీబా. "ఇప్పుడూ సెప్పేస్తారా?"

"మరి నీ చదువో?"

"అందరూ నా కోసం ప్రార్థన సెయ్యడం ఆపితే సాలు టీచర్. ఇంకేం వద్దు నాకు."

కోతల పండగ ఆదివారం గుడి కిటకిటలాడిపోయింది. బలిపీఠం ముందు ఆనపకాయలు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్లు కట్టిన కోళ్లు. శాంతికుమార్ టిప్పరుకి సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెనక గోడ దగ్గర నిలబడ్డాడు. దీవెన ముందుకొచ్చి కీర్తన చదివింది. తేనె పోసినట్టు చదివింది. ఒక్కచోట పేజీ తిప్పడం కాస్త ఆలస్యమైంది, అది షీబా ఒక్కతే చూసింది. ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. జ్ఞానసుందరి లేచి, "దేవుడికే మహిమ," అని, "షీబమ్మా," అని పిలిచింది.

షీబా నడిచి వెళ్లి మైకు ముందు నిలబడింది. "దీవెన కష్టపడే పిల్ల," అంది. అది నిజం. "ఒకసారి వింటే మరిచిపోదు." అదీ నిజం. ఇంక కూర్చుందామని కదలబోయింది.

"సదువు మాట సెప్పమ్మా," అన్నారు ఎజ్రా అయ్యగారు, ప్రేమగా. "ఇప్పుడు సదువుతన్నాదా?"

గుడి అంతా ఆమె వైపే చూస్తోంది. దీవెన ఒక్కతే పుస్తకంలోకి చూస్తోంది, పుస్తకం పట్టుకున్న వేళ్లు తెల్లబడి ఉన్నాయి.

"చదువుతోంది," అంది షీబా. "బాగా చదువుతోందండి."

ఆమేన్ అని కప్పు అదిరిపోయేలా అన్నారు. అయ్యగారి సంతోషం పట్టనలవి కాలేదు. ఆయన స్వయంగా దీవెన దగ్గరికెళ్లి, చేతిలోని పుస్తకంలో పేజీలు తిప్పి ఒకచోట ఆపారు. "టీచరమ్మే సాచ్చమిచ్చినాది. ఇదిగో తల్లీ, ఇంకో కీర్తన. సిన్నదే. మీ నాన్నొచ్చినాడు కదా, ఇంటాడు, సదువు."

షీబా కరెంటు పోవాలని ప్రార్థించింది. ఎవరైనా కళ్లు తిరిగి పడిపోవాలని ప్రార్థించింది. ఆ ఏడాది ఆమె మనసారా చేసిన ప్రార్థన అదే. కరెంటు పోలేదు. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. దీవెన ఆ పేజీని చూస్తూ నిలబడింది. ఎంతసేపు నిలబడిందంటే ముందు వరస పిల్లలు ఒకళ్లనొకళ్లు గిల్లుకోవడం మొదలుపెట్టారు.

అప్పుడు వేలు పెట్టి మొదటి అక్షరం పలికింది. ఆగింది. రెండోది పలికింది. రెండూ కలిపి మళ్లీ పలికింది. అది పాట పాడే గొంతు కాదు, పొడిగా, ముక్కలు ముక్కలుగా వస్తోంది. చాప మీద ఎవరో కిసుక్కుమన్నారు. దీవెన మూడో అక్షరానికి వెళ్లింది.

అయ్యగారి మొహంలో నవ్వు మెల్లగా పోయింది. "సాలు తల్లీ, సాలు," అని పుస్తకం కోసం చెయ్యి చాపారు. దీవెన ఇవ్వలేదు. ఒక అడుగు పక్కకి జరిగి మళ్లీ వేలు పెట్టింది.

జ్ఞానసుందరికి అర్థమైంది. ఆవిడ కూతుర్ని చూడలేదు. షీబాని చూసింది. ముసుగు మొహం మీదికి లాక్కుని అలాగే నిలబడింది. షీబా తన చోటికి వెళ్లి కూర్చోలేకపోయింది. మైకు ముందు నుంచి కదిలితే అబద్ధం చెప్పి పారిపోతున్నట్టు. నిలబడితే చెప్పిన అబద్ధం పక్కన నిలబడినట్టు.

దీవెన ఒక మాట పూర్తి చేసింది. ఇంకో మాట పూర్తి చేసింది. మూడో మాటలో ఒత్తు వచ్చింది. అక్కడ ఆగిపోయింది. పెదవులు కదిపింది, రాలేదు. మళ్లీ ప్రయత్నించింది. వెనక గోడ దగ్గర శాంతికుమార్ ఒక్కడే ఊపిరి బిగబట్టి వింటున్నాడు. దీవెన తలెత్తి షీబాని చూసి, వేలు ఆ అక్షరం మీద నుంచి తియ్యకుండానే అడిగింది.

"ఇదేటి టీచర్?"

చెబితే ఇందాక ఇచ్చిన సాక్ష్యం తన నోటితోనే తుడిచేసుకున్నట్టు. షీబా ఆ పిల్ల పక్కకి వెళ్లి, వంగి, వేలు ఉన్న చోట చూసి, ఆ అక్షరం ఏమిటో చెప్పింది. మైకు దగ్గరే ఉన్నారు గనక గుడి అంతటికీ వినిపించింది.

దీవెన తల ఊపి, అది కలుపుకుని, తరవాతి మాట మీద వేలు పెట్టింది.